ఫ్రీ వీపీఎన్ వేసుకుని సేఫ్ అనుకుంటున్నారా? అనంతపురంలో డేటా లీకయ్యేది పైపులో కాదు.. తొట్టిలో!

ఫోన్‌లో ఏ వీడియో చూస్తున్నా మధ్యలో అదే యాడ్. మీ నెట్‌ను ఎవరో చూస్తున్నారు, వెంటనే వీపీఎన్ వేసుకోండి అంటూ భయపెడతారు. నిమిషంలో డౌన్‌లోడ్ అవుతుంది. ఒక్క బటన్ నొక్కితే పచ్చ లైటు వెలుగుతుంది. ఇక మనకేం భయం లేదని ఫోన్ జేబులో పెట్టుకుంటాం. నిజంగా భయం లేదా?

అనంతపురం జిల్లాలో ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడగాలి. వాన సరిగా పడదు, వేరుశనగ చేతికి రాదు. అందుకే ఇక్కడి కుటుంబం ఇన్‌పుట్ సబ్సిడీ, పంటల బీమా, పింఛను, ఉపాధి కూలి ఇలా ఏదో ఒక జాబితాలో పేరు ఎక్కించుకోక తప్పదు. ప్రతి జాబితాకూ ఆధార్ కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, ఫోన్ నంబరు కావాలి. పంట ఎంత తగ్గితే మనం ఇవ్వాల్సిన డేటా అంత పెరుగుతోంది. మరి ఆ డేటాను వీపీఎన్ కాపాడుతుందా? కాపాడితే ఎంతవరకు? డబ్బు పెట్టి కొనాలంటే ఏది చూసి కొనాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు వీపీఎన్ చేసే పని ఏంటి?

వీపీఎన్ అంటే వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్. మీ ఫోన్ నుంచి వీపీఎన్ కంపెనీ సర్వర్ దాకా ఒక రహస్య పైపు వేసినట్టు లెక్క. ఆ పైపులో ఏం వెళ్తోందో మీ సిమ్ కంపెనీకి, బస్టాండ్‌లోనో హోటల్లోనో వైఫై పెట్టినవాళ్లకు కనపడదు. అటువైపు వెబ్‌సైట్‌కు మీ అసలు ఐపీ అడ్రస్ బదులు వీపీఎన్ సర్వర్ అడ్రస్ కనిపిస్తుంది. అంతే. ఇంతకు మించి వీపీఎన్ చేసే మాయ ఏమీ లేదు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, బ్యాంకు యాప్‌లు, యూపీఐ, వాట్సాప్, పేరున్న వెబ్‌సైట్లు ఇప్పటికే తమ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతున్నాయి. వీపీఎన్ లేకపోయినా మీ పాస్‌వర్డ్ దారిలో ఎవరికీ విప్పి చదివేలా ఉండదు. ఏ సైట్‌కు వెళ్లారన్నది మాత్రం నెట్‌వర్క్ కంపెనీకి తెలిసే అవకాశం ఉంటుంది. రెండోది, వీపీఎన్ వేస్తే నిఘా మాయమైపోదు. సిమ్ కంపెనీకి తెలిసే సంగతి ఇప్పుడు వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది. నమ్మకాన్ని ఒకరి చేతిలోంచి తీసి ఇంకొకరి చేతిలో పెడుతున్నాం. ఆ ఇంకొకరు ఎవరన్నదే అసలు ప్రశ్న.

రైతు భాషలో చెప్పాలంటే, తొట్టి నుంచి చేను దాకా కొత్త పైపు వేసుకున్నాం. చుక్క కారడం లేదు. కానీ తొట్టికే చిల్లు ఉంటే పైపు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం?

బండ్లపల్లిలో మొదలైన పథకం.. వెబ్‌సైట్లో బయటపడ్డ నంబర్లు

తొట్టి చిల్లు అంటే ఏంటో తెలియాలంటే మన జిల్లా కథే చూడాలి. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ కలిసి ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశం మొత్తానికి చేరిన ఆ పథకం మొదలైంది ఈ కరువు నేలపైనే. తర్వాత కూలి డబ్బు నేరుగా ఖాతాల్లో పడటం మొదలైంది. మధ్యలో తినేవాళ్లు తగ్గాలంటే లెక్కలు అందరికీ కనపడాలన్నారు. అది మంచి ఆలోచనే. చెల్లింపుల వివరాలు వెబ్‌సైట్లలో పెట్టారు.

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి దాన్ని రాశారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల ద్వారా సుమారు 13 కోట్ల నుంచి 13.5 కోట్ల ఆధార్ నంబర్లు, దాదాపు 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు బయటకు కనిపించి ఉంటాయని వాళ్ల అంచనా. ఆ నాలుగింటిలో రెండు కేంద్రానివి. మిగతా రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి చంద్రన్న బీమా పోర్టల్, ఇంకొకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టల్.

మరుసటి ఏడాది, 2018 ఏప్రిల్‌లో మళ్లీ అదే కథ. రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు, వాటితో పాటు కులం వివరాలు కూడా కనిపిస్తున్నాయని వార్తలొచ్చాయి. తర్వాత వాటిని తొలగించారు.

ఇక్కడ హ్యాకర్ ఎవరూ లేరు. ఎవరి పాస్‌వర్డూ పోలేదు. తలుపు తీసి పెట్టారు, అంతే. ఆ జాబితాలో ఉన్నవాళ్లలో ఎంతోమందికి స్మార్ట్‌ఫోన్ కూడా ఉండి ఉండదు. అలాంటి వాళ్ల డేటాను ప్రపంచంలో ఏ వీపీఎన్ కాపాడగలదు?

లోన్ యాప్‌లు, ఏపీకే ఫైళ్లు.. ఇక్కడా వీపీఎన్ పనికిరాదు

2020 చివర్లో తెలుగు రాష్ట్రాలను లోన్ యాప్‌లు ఎలా వణికించాయో గుర్తుంది కదా. నాలుగైదు వేల అప్పు కోసం యాప్ వేసుకుంటే కాంటాక్ట్‌లు, ఫొటోలు లాగేసి, బంధువులకు మెసేజ్‌లు పెట్టి పరువు తీశారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు వరుసగా కేసులు పెట్టారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులపై మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో ప్లే స్టోర్ కూడా పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్ట్‌లు, ఫొటోలు తీసుకోకూడదని నిబంధన పెట్టింది.

గమనించండి, అప్పట్లో డేటా దొంగతనంగా పోలేదు. యాప్ అడిగింది, మనం "అలౌ" అని నొక్కాం. మనమే ఇచ్చిన తాళం చెవిని వీపీఎన్ ఎలా ఆపుతుంది?

ఇప్పుడు నడుస్తున్నది ఏపీకే ఫైళ్ల కాలం. పీఎం కిసాన్ డబ్బులనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ అవుతుంది. అది మెసేజ్‌లు చదువుతుంది, ఓటీపీలు పట్టేస్తుంది. వచ్చింది తెలిసినవాళ్ల నంబరు నుంచే కావచ్చు, ఎందుకంటే వాళ్ల వాట్సాప్ అప్పటికే చేజారి ఉంటుంది. మీ వీపీఎన్ పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఖాతా మాత్రం ఖాళీ అవుతుంది.

మరి వీపీఎన్ ఎవరికి కావాలి?

అలాగని వీపీఎన్ దండగ అని చెప్పడం లేదు. దాని పని దానికి ఉంది.

గుంతకల్లు జంక్షన్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ స్టేషన్ వైఫై వాడేవాళ్లకు, బెంగళూరు పీజీ హాస్టల్లో వంద మందితో ఒకే వైఫై పంచుకునే మన పిల్లలకు అది ఒక అదనపు రక్షణ. ఏ సైట్లు చూస్తున్నామో నెట్‌వర్క్ కంపెనీకి తెలియకూడదనుకునే వారికి కూడా పనికొస్తుంది. సున్నితమైన జబ్బు గురించి వెతికేవాళ్లు, ఇంట్లో హింస భరిస్తూ సాయం కోసం చూసే మహిళలు, వార్తల పనిలో ఉండి సమాచారం ఇచ్చేవాళ్లను కాపాడాల్సినవాళ్లు ఇందులోకి వస్తారు. అయితే ఫోన్ ఇంకొకరి చేతికి వెళ్తే వీపీఎన్ ఏమీ దాచలేదు. బ్రౌజింగ్ హిస్టరీ, స్క్రీన్ లాక్ సంగతి వేరుగా చూసుకోవాల్సిందే.

ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు వాడే ఆఫీసు వీపీఎన్ వేరు. అది కంపెనీ సమాచారాన్ని కాపాడటానికి. మీరేం చూస్తున్నారో దాచిపెట్టడానికి కాదు. ఆ పైపు చివర ఉండేది మీ కంపెనీయే. సొంత పనులకు దాన్ని వాడొద్దు.

నెట్ కట్ చేస్తే మాత్రం ఏ వీపీఎన్ కూడా పనిచేయదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. పైపులో రావడానికి అసలు నీళ్లే లేనప్పుడు పైపు ఏం చేస్తుంది?

ఫ్రీ అంటే ఎవరు కడుతున్నారు?

వేల సర్వర్లు నడపాలంటే ఖర్చవుతుంది. మీరు కట్టకపోతే ఇంకెవరో కట్టాలి. వాళ్లు ఎందుకు కడతారు? ఈ మూడు ఉదాహరణలు చూడండి.

ఒనావో ప్రొటెక్ట్ అనే ఫ్రీ వీపీఎన్‌ను ఫేస్‌బుక్ 2013లో కొనేసింది. మీ డేటాను కాపాడుతామని చెప్పి, జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఆ సమాచారాన్ని తన వ్యాపారానికి వాడుకుంది. 2018లో యాపిల్ స్టోర్ నుంచి, 2019లో ప్లే స్టోర్ నుంచి అది పోయింది. 2023లో ఆస్ట్రేలియా కోర్టు ఈ వ్యవహారంలో మెటా అనుబంధ సంస్థలకు మొత్తం 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

2016లో ఆస్ట్రేలియా సీఎస్‌ఐఆర్‌ఓ పరిశోధకులు, మరికొందరు కలిసి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరిశీలించారు. 75 శాతం యాప్‌లలో ట్రాకింగ్ లైబ్రరీలు ఉన్నాయి. 38 శాతంలో మాల్‌వేర్ ఆనవాళ్లు కనిపించాయి. 18 శాతం యాప్‌లు డేటాను ఎన్‌క్రిప్టే చేయడం లేదు. అంటే పైపు అని చెప్పి అమ్మింది పైపే కాదు.

2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే బాట్‌నెట్‌ను కూల్చింది. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్ లాంటి ఫ్రీ వీపీఎన్‌లు వేసుకున్నవాళ్ల కంప్యూటర్లను వాళ్లకే తెలియకుండా నేరగాళ్లకు అద్దెకిచ్చారు. 1.9 కోట్ల ఐపీ అడ్రస్‌లు ఇందులో చిక్కాయి. నేరం చేసింది ఎవరో, అడ్రస్ మాత్రం మీది. పోలీసులు ముందు ఎవరి ఇంటికి వస్తారో ఆలోచించుకోండి.

మన దేశంలో రూల్స్ ఏం చెబుతున్నాయి?

ఇండియాలో వీపీఎన్ వాడటం నేరం కాదు. దేశమంతటికీ వర్తించే నిషేధం ఏదీ లేదు. అయితే జమ్మూ కశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో అధికారులు భద్రత కారణాలతో వీపీఎన్‌పై తాత్కాలిక ఆంక్షలు పెట్టిన సందర్భాలున్నాయి. అక్కడికి వెళ్లేవాళ్లు స్థానిక ఆదేశాలు చూసుకోవాలి.

2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కొత్త ఆదేశాలిచ్చింది. వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేరు, అడ్రస్, ఫోన్ నంబరు, కేటాయించిన ఐపీ వంటి వివరాలు కనీసం 5 ఏళ్లు దాచాలని చెప్పింది. కంపెనీల అంతర్గత వీపీఎన్‌లకు మినహాయింపు ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి ఇవి అమల్లోకి వచ్చాయి. మేం కస్టమర్ల చిట్టా రాసుకోం అని చెప్పే కంపెనీలకు ఇది కుదరలేదు. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఇక్కడున్న సర్వర్లు తీసేశాయి. 2025 జనవరిలో కొన్ని వీపీఎన్ యాప్‌లు మన దేశంలోని యాప్ స్టోర్ల నుంచి మాయమయ్యాయి. వాటిలో క్లౌడ్‌ఫ్లేర్ యాప్ కూడా ఉంది.

నేరగాళ్లు వీపీఎన్ వెనుక దాక్కుంటున్నారన్నది ప్రభుత్వం వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ కోట్ల మంది మామూలు జనం పేర్లు, అడ్రస్‌లు ఇంకో జాబితాలో 5 ఏళ్లు పడి ఉంటే అది ఇంకో తొట్టి అవుతుంది. తొట్టెలు పెరిగేకొద్దీ చిల్లులు కూడా పెరుగుతాయని బండ్లపల్లి పోర్టల్ అనుభవం చెప్పింది కదా.

ఇంకో ముఖ్యమైన మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే ఆన్‌లైన్ బెట్టింగ్‌పై నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. వీపీఎన్ వేసి ఆ సైట్లు తెరిస్తే నేరం నేరం కాకుండా పోదు. డబ్బు పోతే ఎవరికీ చెప్పుకోలేరు కూడా. వీపీఎన్ పేరుతో బెట్టింగ్ వైపు లాగే యూట్యూబ్, టెలిగ్రామ్ లింకులకు దూరంగా ఉండండి.

కొనాలనుకుంటే ఈ ఆరు చూడండి

1. కంపెనీ ఎవరిది? ఏ దేశంలో ఉంది, యజమాని ఎవరు అన్నది వెబ్‌సైట్‌లో స్పష్టంగా లేకపోతే వదిలేయండి.

2. నో-లాగ్స్ అని రాసుకోవడం కాదు, దాన్ని బయటి సంస్థతో ఆడిట్ చేయించారా? పరీక్ష ఎదురైనప్పుడు నిలబడ్డారా? 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు ముల్వాడ్ అనే వీపీఎన్ ఆఫీసుకు సోదా వారెంట్‌తో వెళ్లారు. కస్టమర్ల వివరాలేవీ లేవని చెప్పడంతో ఏమీ తీసుకోకుండా వెనుదిరిగారని కంపెనీ ప్రకటించింది. ఇలాంటి చరిత్ర యాడ్ కంటే విలువైనది.

3. అసలు రేటు ఎంత? రెండేళ్లకు కడితే నెలకు ఇంతే అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రెన్యువల్ రేటు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలే ముందు చదవండి. ఆటో-రెన్యువల్ ఆపేయండి. ముల్వాడ్ లాంటివి ఎన్ని నెలలకైనా నెలకు 5 యూరోలే తీసుకుంటాయి. మన డబ్బులో దాదాపు 500 రూపాయలు. కూలి డబ్బుతో పోల్చుకుంటే అది చిన్న మొత్తం కాదు. నిజంగా అవసరమైతేనే కొనండి.

4. ఫ్రీ కావాలా? డబ్బు కట్టే కస్టమర్ల మీద నడిచే కంపెనీ ఇచ్చే ఫ్రీ ప్లాన్ చూడండి. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్ వీపీఎన్ ఫ్రీ ప్లాన్‌కు డేటా పరిమితి లేదు, యాప్ కోడ్ కూడా అందరికీ కనిపించేలా పెట్టారు. సర్వర్ ఎంచుకునే వీలు మాత్రం ఉండదు. పేరు తెలియని ఫ్రీ యాప్ కంటే ఇది నయం.

5. యాప్ ఏ పర్మిషన్లు అడుగుతోంది? వీపీఎన్‌కు మీ కాంటాక్ట్‌లు, మెసేజ్‌లు, ఫొటోలతో పనిలేదు. అడిగిందంటే అక్కడే ఆపేయండి.

6. మీ ఊళ్లో పనిచేస్తుందా? సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట వీపీఎన్ వేస్తే వీడియో ఇంకా ఆగి ఆగి వస్తుంది, డేటా, బ్యాటరీ కాస్త ఎక్కువే ఖర్చవుతాయి. కొన్ని బ్యాంకు యాప్‌లు, ప్రభుత్వ సైట్లు విదేశీ ఐపీ కనిపిస్తే తెరుచుకోవు. అందుకే డబ్బు వెనక్కి ఇచ్చే గడువు ఉన్నది చూసి, ఒక నెల మాత్రమే తీసుకుని పరీక్షించండి.

పైసా ఖర్చు లేకుండా ఈ రోజే చేయాల్సినవి

వీపీఎన్ కొన్నా కొనకపోయినా ఇవి మాత్రం చేయండి. పది పదిహేను నిమిషాల పని.

• ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరవండి. కాంటాక్ట్‌లు, మెసేజ్‌లు, లొకేషన్ ఏ యాప్‌లకు ఇచ్చారో చూసి అక్కర్లేనివి తీసేయండి.

• ఉడాయ్ సైట్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ వేయండి. రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలతో నకిలీ ముద్రలు చేసి ఖాతాల్లోంచి డబ్బు తీసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో నమోదయ్యాయి. వేలిముద్ర వేయాల్సిన రోజు మాత్రం లాక్ తీయడం మర్చిపోవద్దు.

• సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మీవి కానివి ఉంటే అక్కడే రిపోర్ట్ చేయొచ్చు.

• మీసేవలోనో జెరాక్స్ షాపులోనో ఆధార్ కాపీ ఇస్తే, దేనికి ఇస్తున్నారో, తేదీ ఏంటో ఆ కాపీ మీదే రాయండి. షాపు వాట్సాప్‌కు పంపితే పని అయ్యాక వాళ్ల ముందే డిలీట్ చేయించండి. నంబరు మొత్తం అక్కర్లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

• వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఏపీకే ఫైల్ ఎవరు పంపినా తెరవొద్దు, ముందు ఫోన్ చేసి అడగండి.

• ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. ఇది ఉచితం, వీపీఎన్ అంత కాకపోయినా కొంత అండ.

• డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరికి తొట్టి ఎవరు బాగుచేయాలి?

గోప్యత డబ్బున్నవాళ్ల ముచ్చట అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం అది ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ కేసు వేసింది పక్కనే ఉన్న కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. 2023 ఆగస్టులో డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కానీ ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. మన నంబర్లు ఎక్కువగా ఉన్నది ప్రభుత్వ జాబితాల్లోనే కాబట్టి ఈ మినహాయింపు ఎలా వాడతారన్నది అనంతపురం లాంటి జిల్లాలకు పెద్ద విషయం.

లెక్కలు జనానికి కనపడాలి, మనిషి ఆధార్, ఖాతా నంబరు కనపడకూడదు. ఈ రెండూ ఒకేసారి చేయొచ్చు. పనిదినాలు, చెల్లించిన మొత్తం చూపించి నంబర్లు మాస్క్ చేస్తే చాలు. ఈ మాట గ్రామసభలో అడగడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. మీ ఊరి జాబితా ఎక్కడైనా గోడకో వెబ్‌సైట్‌కో అంటించి ఉంటే, అందులో పూర్తి నంబర్లు కనిపిస్తుంటే, సచివాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

వీపీఎన్ మీరు వేసుకునే పైపు. మంచిది చూసి వేసుకోండి, అవసరం లేకపోతే డబ్బు మిగుల్చుకోండి. తొట్టి మాత్రం మన అందరిదీ. దాని చిల్లు పూడ్చమని అడిగే హక్కు కూడా మనందరిదీ.